ఉపపత్తిని వల్లెవేయుట విద్య యగునా?

సాయంకాలము దీపము పెట్టు వేళకు మన యిండ్లలో వినవచ్చు చదువులలో ఒక వింత కలదు. పద్యము నెట్లు వల్లింతురో, చరిత్రమునందలి సంవత్సరముల నెట్లు వల్లింతురో, అట్లే మన బాలురును బాలికలును గణితశాస్త్రమునందలి ఉపపత్తులను గూడ కన్నులు మూసికొని వల్లించుచున్నారు. తలిదండ్రులు విని సంతసించుచున్నారు. ఉపాధ్యాయులు చూచి మార్కులు వేయుచున్నారు. మేము మాత్రము విచారించుచున్నాము. పద్యమును వల్లించినచో పద్యము మిగులును. ఉపపత్తిని వల్లించినచో ఉపపత్తి మిగులదు. దాని అక్షరములు మాత్రమే మిగులును. ఈ మాట కొందఱికి కఠినముగా దోచవచ్చును గావున, అది యెట్లు నిజమో మొదట చూపెదము.

కొన్నినాళ్ల క్రిందట మా బంధువుల బాలిక యొకతె సెలవులకు మా యింటికి వచ్చెను. పదవ తరగతి చదువుచున్నది. తరగతిలో మొదటి యిద్దఱు ముగ్గురిలో నుండునది. రెండు యొక్క వర్గమూలము కరణీయ సంఖ్య యని, అనగా ఏ భిన్నముచేతను సరిగా చెప్పుటకు వీలుకాని సంఖ్య యని, ఋజువు చేయుమని మేమడిగితిమి. ఆమె తడుముకొనక వ్రాసెను. అది భిన్నమే యనుకొందము. లవహారములకు ఒకటి తప్ప వేఱు సామాన్య భాజకము లేకుండునట్లు దానిని తగ్గింతము. అప్పుడు లవము యొక్క వర్గము హారము యొక్క వర్గమునకు రెట్టింపగును. కావున లవవర్గము రెండుచే భాగింపబడును. కావున లవమును రెండుచే భాగింపబడును. అట్లగుచో హారమును రెండుచే భాగింపబడును. ఇది మొదట ననుకొన్న దానికి విరుద్ధము. కావున అది భిన్నము కాదు. ఒక్క అక్షరము పొల్లుపోలేదు.

"చాల బాగున్నది తల్లీ. ఇట్లే నాలుగు యొక్క వర్గమూలమును గూర్చి వ్రాయుము" అంటిమి.

ఆమె మఱల కలము పట్టి, రెండు ఉన్న తావులనెల్ల నాలుగు పెట్టి, కడపట "కావున నాలుగు యొక్క వర్గమూలము కరణీయ సంఖ్య" యని వ్రాసి, దాని క్రింద రెండు గీతలు గీచి మాకు చూపెను.

"నాలుగు యొక్క వర్గమూల మెంత?"

"రెండు, పెదనాన్నగారూ."

"రెండు కరణీయ సంఖ్యయా?"

ఆమె మా మొగము చూచెను, కాగితము చూచెను, మఱల మా మొగము చూచెను. "మఱి నేనంతయు సరిగానే వ్రాసితిని గదా!" అనెను.

చదువరులారా, ఆ బాలిక మందమతి కాదు. "ఇందులో ఏదో యొక మెట్టు విఱిగియున్నది, ఏదియో నీవే వెదకుము" అని చెప్పి మేము లేచిపోతిమి. అరగంటకు ఆమె పరుగెత్తుకొని వచ్చెను. ఒక సంఖ్య యొక్క వర్గము నాలుగుచే భాగింపబడినంత మాత్రమున ఆ సంఖ్య నాలుగుచే భాగింపబడనక్కఱలేదు. ఆఱు యొక్క వర్గము ముప్పదియాఱు, అది నాలుగుచే భాగింపబడును, ఆఱు భాగింపబడదు. ఇది ఆమె స్వయముగ కనుగొన్నది. "అట్లయిన రెండు విషయమున ఆ మెట్టు ఏల నిలిచినది?" అని మేమడుగకముందే ఆమెయే చెప్పెను: బేసి సంఖ్య యొక్క వర్గము ఎప్పుడును బేసియే కావున, వర్గము సరి యైనచో సంఖ్యయు సరి కావలసినదే. సంవత్సరమంతయు వల్లించిన ఉపపత్తి ఆ అరగంటలో మొదటిసారి ఆమెకు ఉపపత్తి యయ్యెను.

అంతటితో కథ ముగిసిన మేమీ వ్యాసము వ్రాయకపోదుము. ఆ సంతోషము చల్లారిన పిమ్మట ఆమె యనిన మాట యిది: "కాని పెదనాన్నగారూ, పరీక్షలో ఇదంతయు అడుగరు గదా. సొంతముగా వ్రాసిన మార్కులు పోవును." ఏమి జరిగినదని అడుగగా చెప్పెను. ముందటి యేడు రెండు బేసి సంఖ్యల మొత్తము సరి సంఖ్య యని చూపుమని పరీక్షలో వచ్చెను. ఆమె ఇట్లు వ్రాసెను: బేసి సంఖ్య యనగా జతలుగా పేర్చినప్పుడు ఒకటి యొంటరిగా మిగులునది, రెండు బేసి సంఖ్యలను కలిపినచో మిగిలిన ఆ రెండొంటరులును ఒక జత యగును, కావున ఏమియు మిగులదు. ఇంతకంటె స్వచ్ఛమైన ఉపపత్తి మాకు తెలియదు. దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి సున్న వేసిరట. తరగతిలో తక్కినవారు మొదటి సంఖ్య 2క + 1, రెండవ సంఖ్య 2క + 1, మొత్తము 4క + 2 అని వ్రాసిరి. వారికి పూర్తి మార్కులు వచ్చినవట. రెండు సంఖ్యలకును ఒకే అక్షరము వాడినచో రెండును ఒకే సంఖ్య యగునని ఎవరికిని తోపలేదు. ఆ వ్రాత నిజమైనచో ఏ రెండు బేసి సంఖ్యల మొత్తమునైనను నాలుగుచే భాగించినప్పుడు ఎల్లప్పుడు రెండు మిగులవలెను. మూడును అయిదును కలిపిన ఎనిమిది వచ్చుచున్నది, ఏమియు మిగులుట లేదు! సత్యమునకు సున్నయు, అసత్యమునకు నిండు మార్కులును దొరకినవి. ఇంటికి వచ్చి చెప్పగా, చదువుకొన్నవాడును సంస్కారాభిమానియు నగు ఆమె తండ్రి, "నీ కెందుకమ్మా ఆ వాదము? గైడులో ఉన్నట్లే వ్రాయరాదా?" అనెనట.

ఆ తండ్రి చెప్పిన మాటలో ఎంత అనర్థము ఇమిడియున్నదో ఆయన యెఱుగడు. ఆ నాటి రాత్రి ఆ బాలిక నేర్చుకొన్నది గణితము కాదు. సత్యము తన బుద్ధిలో లేదు, గైడులో నున్నది. తనకు సరియని తోచినదానికంటె పైవాడు మెచ్చునదే వ్రాయవలెను. ఇవి ఆమె నేర్చిన పాఠములు. ఈ పాఠములు నేర్పుటకు పాఠశాలయేల? మన పురాతన దురాచారము లన్నియు వానిని ఉచితముగనే నేర్పుచున్నవి.

మేము చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే. మనుష్యుడు నేర్చు విద్య లన్నింటిలోను అధికారమునకు ఎంతమాత్రము తావులేని విద్య ఉపపత్తి యొక్కటియే. చరిత్రమున గ్రంథకర్తను నమ్మవలెను. వైద్యమున వైద్యుని నమ్మవలెను. వ్యాకరణమున శిష్టుల ప్రయోగమును నమ్మవలెను. ఉపపత్తియందు ఎవరిని నమ్మ నక్కఱలేదు. పదేండ్ల బాలిక మహాపండితుని కాగితముపై వ్రేలు పెట్టి "ఈ మెట్టు నిలువదు" అనవచ్చును. అది నిలువనిచో పండితుడు తల వంపవలసినదే. ఇట్టి స్వాతంత్ర్యము వేఱెచ్చట కలదు? పెద్దలు చెప్పిరి గావున చేయవలెనను వాదమును బాల్యవివాహముల విషయమునను, వితంతువుల విషయమునను, కులాచారముల విషయమునను ఎదిరించినవారి వారసుల మని మనము చెప్పుకొనుచున్నాము. ఆ మనమే మన యింటి బల్లయొద్ద, ఆ వాదము అసలే చెల్లని యొకే యొక శాస్త్రమున, ఆ వాదమునే బిడ్డలకు నూరిపోయుచున్నాము!

"పది ఉదాహరణములు సరిపోయినచో చాలదా? ఇంత కారణవిచార మెందుకు?" అని కొందఱడుగుదురు. వారు నేడే యింట చేసి చూడదగిన పని యొకటి చెప్పెదము. ఒక వృత్తము గీచి దాని యంచున రెండు బిందువులు పెట్టి కలుపుడు. వృత్తము 2 భాగములగును. మూడు బిందువులు పెట్టి ప్రతి దానిని ప్రతి దానితో కలిపిన 4 భాగములు. నాలుగు బిందువులకు 8. అయిదు బిందువులకు 16. ఆఱు బిందువులకెన్ని? ఇంటిలో ఎవరి నడిగినను 32 అందురు. లోపల మూడు గీతలు ఒక్కచోట కలియకుండ గీచి లెక్కపెట్టుడు: 31 మాత్రమే వచ్చును. ఇది పిల్లల పొరపాటు మాత్రమే కాదు. రెండును, రెండుచేత హెచ్చవేయగా వచ్చు కొన్ని ఘాతములును తీసికొని, ఒక్కొక్కదానికి ఒకటి కలిపి, ఫెర్మా యను ఫ్రెంచి గణితవేత్త 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలగుట చూచి, ఆ వరుసలోని వన్నియు ప్రధాన సంఖ్యలే యని తలచెను. దాని తరువాతిది 4294967297. అది 641 చేత భాగింపబడునని ఆయిలరు 1732వ సంవత్సరమున చూపెను. అంతటి మహామహుడును ఉదాహరణములను నమ్మి మోసపోయెను. నాలుగు జోస్యములు ఫలించినవని అయిదవ దానికి ఆస్తి నమ్ముకొనువాడును, నలుగురికి లాభము వచ్చినదని చీటీలో సర్వస్వము పోయువాడును, పక్కయింటివారికి నయమైనదని ఊరు పేరు లేని మందు మ్రింగువాడును ఆ వృత్తమునందలి ముప్పదిరెండవ భాగమును వెదకుచున్నవారే. కావున, "మా పిల్లలందఱును గణితవేత్తలగుదురా?" అను ప్రశ్నకు మా ప్రత్యుత్తరము: కానక్కఱలేదు, మోసపోని మనుష్యు లైన చాలును.

ఇక పరీక్షల మాట. మన రెండు రాష్ట్రములలోను ఇంజనీరింగు ప్రవేశపరీక్షయందు 3 గంటలలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. అందు 80 గణితమునకు సంబంధించినవి. లెక్కవేసిన ప్రశ్నకు అఱువదియెనిమిది సెకండ్లయినను లేవు. అందులో ఆలోచనకు తావేది? చూచినంతనే జవాబు స్ఫురింపవలెను; స్ఫురింపనిచో విడిచిపోవలెను. ఈ వేగ మొక నేర్పే. దానిని మేము నిందింపము. టైపు కొట్టుటయు నేర్పే. కాని టైపు కొట్టువాడు గ్రంథకర్త యగునా? పరీక్ష కొఱకు ఆఱు నెలలు వేగము నభ్యసించుట వేఱు. ఆఱవ తరగతి నుండియే వేగము తప్ప వేఱేమియు నేర్పకుండుట వేఱు. ఇక ఉపపత్తి వ్రాయవలసిన ఇంటర్మీడియటు పరీక్షలోనైనను మేలు జరిగినదా? రెండు ద్విగుణ ప్రమేయముల సంయోగము యొక్క విలోమమును గూర్చిన సిద్ధాంతము ఏండ్ల తరబడి ఏడు మార్కుల ప్రశ్నగా వచ్చుచుండెను. వచ్చునని అందఱికిని తెలియును గావున అందఱును వల్లించిరి. ప్రమేయ మనగానేమి యని అడిగిన జవాబు చెప్పలేనివారును ఆ ఏడు మార్కులు తెచ్చుకొనిరి. అది ఉపపత్తికి పరీక్ష కాదు, జ్ఞాపకశక్తికి పరీక్ష.

గైడు చాలదన్నట్లు నేడు వేఱొక సాధనము వచ్చినది. ఫోనుతో లెక్కను ఫొటో తీసినంతనే సాధనమంతయు మెట్టు మెట్టుగా తెరపై ప్రత్యక్షమగుచున్నది. యంత్రము చెడ్డదని మేమనము. నిజముగ ప్రయత్నించి, తన ప్రయత్నమును కాగితముపై పెట్టి, పిమ్మట పోల్చి చూచుకొనువానికి అది మేలే చేయును. కాని లెక్కలో చిక్కుకొని యుండు ఆ గడియ యున్నదే, దారి తోపక పెన్సిలు కొఱుకుచు కిటికీలో నుండి చూచు ఆ గడియ, అదియే చదువు. దానిని తప్పించిన చదువు మొత్తము తప్పిపోయినట్లే. ఒకడు కసరత్తు చేయుచుండగా చూచినవానికి కండలు వచ్చునా? పరిష్కారమును చదివి "అర్థమైనది" అనుట సులభము. పుస్తకము మూసి తెల్లకాగితముపై వ్రాయగలిగినప్పుడు గాని అర్థమైనదో లేదో తెలియదు. జార్జి పోల్యా యను ఆచార్యుడు 1945లో ప్రకటించిన చిన్న గ్రంథమున లెక్క సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: ప్రశ్నను గ్రహించుట, ఉపాయ మాలోచించుట, ఉపాయమును నడుపుట, వెనుకకు తిరిగి చూచుట. మన పాఠశాలలలో మూడవది యొక్కటియే జరుగుచున్నది. మొదటి రెండును గైడు చేసిపెట్టుచున్నది, నాలుగవది ఎవరును చేయుట లేదు.

"వల్లించుట మన సంప్రదాయము, కారణము లడుగుట పాశ్చాత్యుల పద్ధతి" అని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఎక్కములు వల్లింపవలసినవే, మేమును వల్లించితిమి. సూత్రమును కంఠస్థము చేయుటయు మంచిదే. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చుట ధారణకు సులభమగుటకే. కాని సూత్రమును ధరించుట వేఱు, ఉపపత్తిని గ్రహించుట వేఱు అని మన పూర్వులే యెఱుగుదురు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున లీలావతిలో సూత్రములు చెప్పెను. 1545లో గణేశదైవజ్ఞుడు బుద్ధివిలాసిని యను వ్యాఖ్యలో ఆ సూత్రములకు ఉపపత్తులు చెప్పెను. కేరళ దేశమున జ్యేష్ఠదేవుడు సుమారు 1530లో రచించిన యుక్తిభాషయందు కారణ వివరణమే ప్రధానము; అదియును సంస్కృతమున గాక జనుల భాషయగు మలయాళమున వ్రాసెను. నేటి మన పాఠ్యపుస్తకములలోని "ఉపపత్తి" యను మాట ఆ వ్యాఖ్యాతలు వాడిన మాటయే. పూర్వుల మాటను నిలుపుకొని, దాని అర్థమును పాఱవైచితిమి.

మఱికొందఱు రామానుజుని పేరు చెప్పుదురు: ఆయన ఉపపత్తులు వ్రాయలేదు గదా యని. రామానుజుని ప్రతిభకు మేమును నమస్కరించుచున్నాము. అయినను, ప్రధాన సంఖ్యల వ్యాప్తిని గూర్చి ఆయన ఉపపత్తి లేక నమ్మిన కొన్ని ఫలితములు తప్పులని తేలినవి. 1914లో కేంబ్రిడ్జి చేరిన పిమ్మట హార్డీతో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసములు ఉపపత్తులతో కూడినవే. ఆయన నోటుపుస్తకములలోని ఫలితములకు ఉపపత్తులు కూర్చి బ్రూస్ బెర్న్‌ట్ ప్రకటించిన అయిదు సంపుటములు 1985 నుండి 1998 వరకు వెలువడినవి. రామానుజుని మాటకును ఉపపత్తి కావలసివచ్చినప్పుడు మన పిల్లవాని గైడుకు అక్కఱలేదా?

ఖండనము చేసి ఊరకుండుట సంస్కర్తల ధర్మము కాదు. కావున మంచి ఉపపత్తి యెట్లు వ్రాయవలెనో చెప్పెదము.

మొదట చిత్తుప్రతి, పిమ్మట సాపుప్రతి. చిత్తులో ఏమైనను చేయవచ్చును: చిన్న సంఖ్యలు వేసి చూచుట, బొమ్మ గీచుట, తుది నుండి మొదటికి నడచుట, తప్పులు చేయుట. చిత్తున కొట్టివేతలు లేనివాడు ఆలోచింపలేదన్నమాట. సాపు మాత్రము ఇతరుని కొఱకు వ్రాయునది. అందు వాక్యము లుండవలెను. కర్త క్రియ లేక, అంకెలును బాణపుగుర్తులును క్రిందుమీదుగా పడియున్న కాగితము ఉపపత్తి కాదు. రెండవది, ఏ అక్షరము వాడినను అది యేమియో వాడకముందే చెప్పవలెను. ఇందాక బేసి సంఖ్యల యుపపత్తి చెడినది ఇందువలననే. రెండు సంఖ్యలకు 2క + 1, 2గ + 1 అని వేఱువేఱు పేర్లు పెట్టినచో మొత్తము 2(క + గ + 1) అగును. పని సక్రమముగ ముగియును. మూడవది, "కావున" అను మాట వ్రాసినప్పుడెల్ల అది యొక ప్రామిసరీనోటు వ్రాసినట్లని తలపవలెను. ఎవడు వచ్చి "ఎందువలన?" అని యడిగినను చెల్లింపవలెను. "స్పష్టము" అను మాట చాలసార్లు చెల్లని నోటు.

నాలుగవది, సాధింపవలసినదానిని మొదట వ్రాసి, దాని నుండి బయలుదేఱి, ఏదో నిజమునకు చేరి, "కావున ఋజువైనది" అనరాదు. ఋణ ఒకటియు ధన ఒకటియు సమానమని మొదలుపెట్టుడు; రెండు వైపులను వర్గము చేయుడు; ఒకటి ఒకటికి సమానమని నిస్సందేహమైన సత్యము వచ్చును. అంతమాత్రమున మొదటి మాట నిజమైనదా? అసత్యము నుండియు సత్యమునకు దారులు కలవు. కావున నడక ఎల్లప్పుడు తెలిసినదాని నుండి తెలియవలసినదానికి సాగవలెను. చిత్తులో తుది నుండి వెనుకకు వచ్చినను సాపులో త్రిప్పి వ్రాసి, ప్రతి మెట్టును ఆ దిక్కున నిలుచుచున్నదో లేదో చూచుకొనవలెను. అయిదవది, వ్రాసిన పిమ్మట దానిని పడగొట్టుటకు ప్రయత్నింపవలెను. రెండుకు బదులు నాలుగు పెట్టి మా బాలిక చేసినది ఇట్టి ప్రయత్నమే. అసత్యమును గూడ అంతే సులభముగ ఋజువు చేయు ఉపపత్తి ఉపపత్తి కాదు.

"మాకు లెక్కలు రావు, పిల్లల కేమి చెప్పగలము?" అని యడుగు తలిదండ్రు లనేకులు. తల్లులారా, తండ్రులారా, లెక్కలు రాకుండుటయే ఒక విధముగ మేలు. మీరు జవాబు చెప్పివేయలేరు! పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు ప్రశ్నలడుగుడు. ఇచ్చిన దేమి, చూపవలసిన దేమి? ఈ అక్షరము ఎవరు? ఈ వాక్యము ఎందువలన నిజము? ఇచ్చిన షరతును ఎక్కడ వాడితివి? ఈ కడపటి ప్రశ్న చాల పదునైనది. ఇచ్చిన షరతును ఎక్కడను వాడనిచో, ఆ షరతు అనవసరమైనా కావలెను, ఉపపత్తి తప్పైనా కావలెను. అక్షరజ్ఞానము లేని నాయనమ్మ యైనను ఈ నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. చెప్పుచు చెప్పుచు పిల్ల నడుమ నాగి, "ఉండవే నాయనమ్మా, ఇక్కడ ఏదో తప్పున్నది" అనినచో, ఆ నాడు ఆ యింట గణితవిద్య ప్రవేశించినదని తెలిసికొనుడు.

బాలికల విషయమున ప్రత్యేకముగ నొక మాట. ఆడుపిల్లకు లెక్కలెందుకని బాహాటముగ అనువారు నేడు తగ్గిరి. కాని వేఱొక రూపమున ఆ వ్యాధి నిలిచియున్నది. అక్షరములు ముత్యములవలె వ్రాసి, చెప్పినది చెప్పినట్లు అప్పగించి, ఎదురు ప్రశ్న వేయని బాలికను "బుద్ధిమంతురాలు" అని మెచ్చుచున్నాము. మగపిల్లవాడు వాదించిన "చురుకైనవాడు" అనియు, ఆడుపిల్ల వాదించిన "నోరెక్కువ" అనియు అనుచున్నాము. ఫీల్డ్సు పతకము 1936లో మొదలైనది. స్త్రీకి మొదట దక్కినది 2014లో, మరియం మీర్జాఖానీకి. ఆ డెబ్బదియెనిమిది సంవత్సరములలో బుద్ధి గల బాలికలు పుట్టకపోలేదు, వారి "ఎందువలన?" అను ప్రశ్న ఎన్ని యిండ్లలో అణగిపోయెనో మనమే యోచించుకొనవలెను.

ప్రశ్న యొక్క మహిమ కొక్క నిదర్శనము చెప్పి ముగించెదము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1944లో కలకత్తాలో సాంఖ్యకశాస్త్రము బోధించుచుండిరి. మాదిరుల పరిమాణము మిక్కిలి పెద్దదైనప్పుడు వర్తించు ఒక ఫలితమును చెప్పుచుండగా, విద్యార్థి యొకడు లేచి, పరిమితమైన మాదిరులకును ఇది ఋజువు చేయరాదా యని యడిగెను. ఇరువది నాలుగేండ్ల యువకుడగు ఆ బోధకుడు "సిలబసులో లేదు, కూర్చుండుము" అనలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి మఱునాడు తరగతిలో చెప్పెను. 1945లో ప్రకటితమైన ఆ ఫలితము నేడు లోకమంతట క్రామర్–రావు అసమానత యను పేర చదువబడుచున్నది. రావుగారు 2023లో, నూటరెండేండ్ల వయస్సున గతించిరి. ఆ సంవత్సరమే ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము లభించెను. ఆ తరగతిలో ఆ విద్యార్థి నోరు మూయించియుండినచో?

పరీక్షలను మార్చుట ప్రభుత్వముల చేతిలోనిది. దాని కొఱకు పోరాడుదము. కాని ఇంటి బల్ల మన చేతిలోనిది. దినమున కొక్క లెక్క చాలును. గైడు అలమారలో పెట్టుడు, ఫోను వేఱు గదిలో పెట్టుడు, అరగంట పిల్లను చిక్కుకొననిండు, "వచ్చినదా?" అని తొందరపెట్టక, వచ్చిన పిమ్మట "ఎందువలన?" అని అడుగుడు. సొంతముగ వ్రాసి మార్కులు పోగొట్టుకొని వచ్చిన నాడు, పోయిన మార్కులను లెక్కింపక, ఆ కాగితమును దగ్గఱకు తీసికొని చదువుడు. నిజమైనచో నిజమని చెప్పుడు. ఉపాధ్యాయునియొద్దకు పోయి మర్యాదతో ఆ మాటయే చెప్పుడు. మా బంధువుల బాలిక సెలవులు ముగిసి వెళ్లుచు, ఆ నాలుగు వర్గమూలము వ్రాసిన కాగితమును మడిచి పుస్తకములో పెట్టుకొని పోయెను. దాని నెందుకమ్మా దాచుట యనగా, "మా నాన్నగారికి చూపెదను, ఎక్కడ విఱిగినదో ఆయనను కనుగొనుమందును" అనెను. ఆ తండ్రి కనుగొనునని ఆశించుచున్నాము.